తేలిక డబ్బా

శంషాబాద్ బస్టాండు వెనక గల్లీలో రేఖ ఫొటో దుకాణం పెట్టి ఎనిమిది నెలలయింది. ఆ ఎనిమిది నెలలూ ఆమె మామ మొగులయ్య గడప పక్కన స్టూలు మీద బీడీ తాగుతూ కూర్చున్నాడు. మాట్లాడింది మాత్రం తక్కువ.

"మా లగ్గమయిన మూడొద్దులకు నోరు తెరిచిండు. ఏమన్నడో ఎరికేనా? ఉప్పు తక్కువైంది అన్నడు. గంతే!" అని ఆయన భార్య దుర్గవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. మొగులయ్య ఇంకో బీడీ ముట్టించేవాడు. ముప్పయ్యేళ్లు ఊరూరా తిరిగి బోరు మోటార్లు దింపీ, లేపీ, ఆ రొదలో మాటలతో పని లేకుండా బతికినవాడు.

ఆ బుధవారం పొద్దున పదింటికి రేఖ కంప్యూటర్ మొరాయించింది. మీట నొక్కితే పచ్చలైటు వెలుగుతుంది, లోపలి ఫ్యాను ఒక్క చుట్టు తిరుగుతుంది, టక్కున ఆగుతుంది. కాసేపటికి తనంతట తనే మళ్లీ తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. తెర మీద నలుపే.

సరిగ్గా అప్పుడే యాదయ్య వచ్చాడు. పక్క ఊరివాడు. తన ఊరివాళ్లను ముప్పై ఐదుగురిని విమానంలో తిరుపతి తీసుకుపోతున్నాడు. తనతో కలిపి ముప్పై ఆరుగురి మెడల్లో వేసేందుకు ఫొటో కార్డులు చేయమని రేఖకు ముందే చెప్పాడు.

"ఈడ ఎయిర్‌పోర్టు పడ్డ నాలుగేండ్ల సంది మా నెత్తి మీదికెల్లే పోతున్నయి విమానాలు. ఎక్కుడు గిప్పటికి కుదిరింది," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "మా ముసలోళ్లు కొండ మీద తప్పిపోతే యాడ దేవులాడాలె? మెడల కార్డుంటే ఫోన్ నంబరన్న ఉంటది. మూడింటికి ఎయిర్‌పోర్టు బస్సు కదుల్తది బిడ్డా, కార్డులు తయారేనా?"

"అయిపోయినట్టే కాకా," అంది రేఖ. కానీ ఫొటోలూ పేర్లూ అన్నీ ఆ చీకటి పెట్టెలోనే ఉన్నాయి.

యాదయ్య చాయ్ తాగొస్తానని వెళ్లగానే ఆమె రిపేరు చేసే చందుకు ఫోను చేసింది.

"మదర్‌బోర్డు పోయుంటది అక్కా," అన్నాడు చందు. "లోపల కరెంటిచ్చే డబ్బా అయితే కాదు. మొన్ననే నాలుగు వందల యాభై వాట్లది కొత్తది ఏసిన గద. ఇగ రెండొద్దులు పడ్తది."

రేఖ ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. "మొదటి పెద్ద ఆర్డరు మామా. గిదే ఇయ్యలేకపోతే ఇగ నన్ను ఎవరు నమ్ముతరు? షట్టర్ గుంజి గోదాముల డబ్బాలు కట్టే పనికి పోవుడే."

"దిష్టి తాకింది," అని తేల్చింది దుర్గవ్వ. ఎండు మిరపకాయలు కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, చెంబులో పసుపు నీళ్లు కలిపి చల్లబోయింది. రేఖ ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అత్తా! నీళ్లు వడితే మొత్తానికే సస్తది!"

మొగులయ్య బీడీ ఆర్పాడు. లేచి వచ్చి పెట్టెకు చెవి ఆనించాడు. తన సంచిలోంచి, హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు తీసి గోడ ప్లగ్గులో గుచ్చాడు. బల్బు ధగధగా వెలిగింది. అంటే బయటి కరెంటులో లోపం లేదు.

"దీంట్ల కొత్తగ ఏమేసినవ్?" అన్నాడు.

"ఓ అవ్వ, మాట్లాడిండు!" అంది దుర్గవ్వ, చెంబు కింద పెట్టి.

రేఖ చెప్పింది. పెళ్లి ఆల్బములు చేసేందుకు సొంత ఫ్యాను ఉన్న వీడియో కార్డొకటి, రెండో హార్డు డిస్కొకటి వేయించింది. అవి వేశాక మాటిమాటికీ ఆగిపోతుంటే చందు కరెంటు డబ్బా మార్చాడు.

తిరగబోయి ఆగిపోయే ఆ చప్పుడు మొగులయ్యకు బాగా తెలుసు. నీళ్లు కిందికి పోయాయని రైతు బోరు లోతు చేస్తాడు, పైపులు పెంచుతాడు, మోటారు మాత్రం పాతదే ఉంచుతాడు. ఇక అది మీట వేయగానే ఉమ్మని మూలిగి ఆగిపోతుంది. అలాంటప్పుడు ఆయన వాల్వు మూసి, మోటారుకు బరువు తగ్గించి, ముందు తిరగనిచ్చేవాడు. తర్వాతే మెల్లగా తెరిచేవాడు.

"లోడు తియ్యి," అన్నాడు.

"ఏది తియ్యాలె మామా?"

"కొత్తయి. రెండూ."

గోడ ప్లగ్గు పీకి, రేఖ వీడియో కార్డు ఊడదీసింది. కొత్త డిస్కు వైర్లు పీకింది. ఫొటోలు పాత డిస్కులోనే ఉన్నాయి కాబట్టి భయం లేదు. తెర వైరును వెనక పాత చోటే బిగించి, ప్లగ్గు పెట్టి, కళ్లు మూసుకుని మీట నొక్కింది.

ఫ్యాను ఒక చుట్టు తిరిగింది. రెండు. పది. ఆగలేదు. కీచుమని ఒక్క కూత వినిపించింది. రేఖ కళ్లు తెరిచేసరికి తెర మీద వెలుగు.

"నా మిరపకాయలే!" అంది దుర్గవ్వ.

తర్వాత ఎవరికీ తీరిక దొరకలేదు. రేఖ కార్డులు తీస్తుంటే దుర్గవ్వ ఎర్ర తాళ్లు ఎక్కించింది. యాదయ్య తన కార్డు చూసి, "నేను నిద్రవోతున్న గదనే!" అని గోల పెట్టాడు. రెండున్నరకు ముప్పై ఆరు కార్డులూ బస్సెక్కాయి.

అప్పుడొచ్చాడు చందు. కొత్త డబ్బాకే బలం చాలడం లేదని రేఖ చెబితే ఒప్పుకోలేదు. "డబ్బాకు శక్తి తక్కువెట్లయితది తాతా? నాలుగు వందల యాభై అని రాసుంది సూడు."

మొగులయ్య ఆ కొత్త డబ్బా విప్పించాడు. మూల పడి ఉన్న పాత డబ్బా తెప్పించాడు. దాని మీద రెండు వందల యాభై అనే ఉంది. చెరో చేతిలో పెట్టి తూచి, రెండూ చందు చేతుల్లో పెట్టాడు.

"పట్టు."

చందు పట్టాడు. కొత్తది దూదిలా ఉంది. పాతదే బరువు.

"నంబరు నేను గూడ రాస్త," అన్నాడు మొగులయ్య. "మూడో తరగతి సదివిన. లోపల రాగి తీగ ఉండాలె. గదే బరువు."

మర్నాడు చందే ఆయన్ను బండి మీద కూర్చోబెట్టుకుని పట్నం తీసుకుపోయాడు. మొగులయ్య దుకాణంలో ఐదు డబ్బాలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తుంటే, "ఖర్బూజలనుకున్నవా పెద్దాయనా?" అని సేటు నవ్వాడు. ఆయన అన్నింటికంటే బరువైనదాన్ని చంకలో పెట్టుకున్నాడు. అది బిగించాక, తీసిపెట్టినవన్నీ మళ్లీ వేసినా కంప్యూటర్ ఒక్క నొక్కుకే లేచింది.

ఆదివారం యాదయ్య లడ్డూ పట్టుకొచ్చాడు. కార్డు ఇంకా మెడలోనే ఉంది. "బర్రెల పాలు పిండేటప్పుడు గూడ తీస్తలేరు మావోళ్లు," అన్నాడు. "గవి సూసి పొరుగూరోళ్లు అడుగుతున్నరు. యాభై మంది. చేస్తవా?"

రేఖ మామ వైపు చూసింది. మొగులయ్య లేచి, నడుస్తున్న పెట్టెకు చెవి ఆనించి, సరేనన్నట్టు తలూపి, మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

"చేస్త కాకా," అంది రేఖ.