అమ్మ పనిచేసే కాన్పుగది

ఆయా ఆ ఆసుపత్రి కాన్పుగదిలో చేరి పద్నాలుగేళ్లు. మంచాలు తుడవడం, తడిసిన గుడ్డలు మార్చడం ఆమె పని. కేకలు పెట్టే ఆడవాళ్లను కసరడం మాత్రం ఎవరూ అప్పగించలేదు. నర్సులను చూసి చూసి నోటికి అలవాటైపోయింది.

కూతురికి నెలలు నిండితే, "మా దగ్గరికే రావే, నేనున్నాగా," అని ధైర్యం చెప్పింది. తీరా కూతురు నొప్పులతో వచ్చిన పొద్దున, ఆమె నమ్ముకున్న పెద్ద నర్సు సెలవులో ఉంది. బదులుగా వేరే వార్డు నుంచి వచ్చిన నర్సమ్మకు ఈ పిల్ల ఎవరో తెలియదు. ఆ పొద్దున వస్తూనే ఆవిడ, నేల సరిగా తుడవలేదని ఆయాను చెడామడా తిట్టి, ఎదురు చెబితే ఉద్యోగం ఊడుతుందని బెదిరించింది.

మంచాల మధ్య తెరలు లేవు. కూతురు గుడ్డ కిందికి లాక్కోబోతే నర్సమ్మ చెయ్యి విదిలించింది.

"ఇప్పుడొచ్చిందా సిగ్గు? తొమ్మిది నెలల కింద ఏమైంది?"

నొప్పికి తాళలేక కూతురు అరిచింది. తొడ మీద చెళ్లున దెబ్బ పడింది.

"నోర్ముయ్! లోకంలో నువ్వొక్కదానివే కంటున్నావా?"

ఆయా బకెట్‌తో గోడవారన నిలబడి ఉంది. 'నా కూతురమ్మా' అనబోయి, ఉద్యోగం గుర్తొచ్చి ఆగిపోయింది. కూతురు తల తిప్పి ఆమెనే చూసింది. అమ్మా అని పిలవలేదు. ఆ తర్వాత అరవనూ లేదు. పెదవి కొరుక్కుంటూనే బిడ్డను కన్నది.

ఆడపిల్ల. బాగానే ఏడ్చింది.

మధ్యాహ్నం ఆయా వేడినీళ్లు తెచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"నువ్వక్కడే ఉన్నావు కదమ్మా."

ఆయా వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండింది.

"నువ్వు కూడా అందరినీ ఇలాగే అంటావా?"

లేదని చెబుదామనుకుంది. "అన్నానే. చాలామందిని."

కూతురు బిడ్డ వైపు తిరిగి పడుకుంది.

మూడోరోజు అల్లుడు వచ్చి తల్లీబిడ్డలను తన ఇంటికే తీసుకెళ్లాడు. "ఏమనుకోకండి అత్తయ్యా, తనే అలా అంది," అని నసిగాడు. పసిదాని కోసం ఉతికి మడతపెట్టుకున్న మెత్తటి గుడ్డల మూటను ఆయా అతని చేతికిచ్చింది.

మర్నాడు ఒక పిల్ల తొలికాన్పుకు వచ్చింది. పట్టుమని ఇరవై ఏళ్లుండవు. అరుస్తోందని నర్సమ్మ చెయ్యెత్తింది. ఆయా బకెట్ కింద పెట్టి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"కొట్టకండమ్మా. అసలే హడలిపోయి ఉంది."

"నీకెందుకు? నీ కూతురా?"

"కాదమ్మా. నా కూతురికి ఈ వారమే మీరు పురుడు పోశారు. తొడ మీద మీ వేళ్లు ఇంకా తేలే ఉన్నాయి."

నర్సమ్మ చెయ్యి దించింది. ఆ పిల్ల కనేదాకా ఆయా ఆమె చెయ్యి వదల్లేదు. సాయంత్రానికి ఆయాను బట్టలుతికే గదికి మార్చేశారు.

ఇప్పుడు అక్కడ దుప్పట్లు ఉతుకుతోంది. గోడ అవతలి నుంచి నర్సమ్మ అరుపులు వినబడుతూనే ఉంటాయి. తీరిక దొరికితే కూతురికి ఫోన్ చేస్తుంది. అల్లుడే ఎత్తి, "పాప బాగుంది అత్తయ్యా," అంటాడు. కూతురి సంగతి అడిగేలోపు పెట్టేస్తాడు.