తలుపు తాళానికి నాలుగు సెల్స్

షాపులో అందరూ ఆమెను డాక్టరమ్మ అని ఏడిపించేవాళ్ళు. బ్యాటరీల కౌంటరు ఆమెది. ఎవరొచ్చి సెల్స్ అడిగినా ముందు "దేంట్లో వెయ్యడానికండీ?" అని ఆరా తీసేది. సంగతంతా రాబట్టాకే అద్దాల బీరువా తెరిచేది. పిల్లల కారుకా, రిమోట్‌కా, టార్చిలైటుకా? అయితే చార్జి పెట్టుకునేవి తీసుకోండి, మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. సెల్స్‌తో నడిచే తలుపు తాళానికా, పొగొస్తే కూసే అలారానికా? వద్దు బాబూ, మామూలువే వెయ్యండి. మామూలు సెల్ మెల్లమెల్లగా నీరసపడుతుంది, తాళం అది కనిపెట్టి రెండు వారాల ముందే కీచుమంటుంది. చార్జి సెల్ చివరిదాకా దిట్టంగా ఉండి, చెప్పాపెట్టకుండా ఒక్కసారి చేతులెత్తేస్తుంది. ఈ మాట రోజుకి పాతికసార్లు చెప్పేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ చెప్పిన మనిషి, ఇంట్లో ఉన్న సొంత అక్కకి మాత్రం చెప్పలేదు.

అక్క మూడు నెలల క్రితం పగిలిన పెదవితో వచ్చి చెల్లెలి గడప తొక్కింది. బావ కొట్టాడు. కొట్టడం కొత్తేమీ కాదు. "ఆయనకి కాస్త కోపం ఎక్కువ, అంతే" అని ప్రతిసారీ అక్కే వెనకేసుకొచ్చేది. ఈసారి మెడ మీద వేళ్ళ గుర్తులు చూశాక చెల్లెలు ఆ మాట అననివ్వలేదు. మూడో రోజునే బావ వచ్చి తలుపు మీద తన్నాడు. గడియ ఊడి గది మధ్యలో పడింది. కింది వాటాలో ఉండే టైలరు, తన పనివాళ్ళతో పైకి ఉరికొచ్చి వాణ్ణి మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ "దాన్ని చంపి గాని వదలను" అని అరిచాడు వాడు. అది నోటిదురుసు మాట కాదని అక్కకి తెలుసు, చెల్లెలికీ తెలుసు.

మర్నాడే చెల్లెలు షాపు నుంచి నంబర్లు నొక్కే తాళం తెచ్చి బిగించింది. తలుపు మూయగానే లోపలి మోటారు బొటనవేలంత లావు కడ్డీని ద్వారబంధంలోకి తోస్తుంది. నాలుగు సెల్స్‌తో నడుస్తుంది.

"దీని జోలికి మాత్రం పోకక్కా" అంది.

ఎందుకో చెప్పలేదు. రోజంతా కౌంటరు దగ్గర నోరు నొప్పెట్టేలా వాగి వచ్చాక ఇంట్లో పాఠాలు చెప్పే ఓపిక ఎవరికుంటుంది?

అక్క ఒకరి మీద పడి తింటున్నానని లోలోపల కుమిలిపోయే రకం. చెల్లెలు గదిలోంచి అడుగు బయట పెడితే చాలు, ఫ్యాను ఆపేసేది. ఒకనాడు ఇంట్లో ఒంటరిగా ఉండగా తాళం కీచుమంది. బల్ల మీద చార్జరులో పచ్చ లైటు వెలుగుతూ నాలుగు సెల్స్ కనిపించాయి. కొలత సరిపోయింది, వేసేసింది. కూత ఆగిపోయింది. చెల్లెలికి ఒక పని తప్పించానని సంబరపడింది, ఆ ముక్క చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడింది.

అవి నెల రోజులు మహా బుద్ధిగా పనిచేశాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అక్క డాబా మీద బట్టలారేసి వచ్చి తలుపు మూస్తే మోటారు మూలిగింది. కడ్డీ గోరంత బయటికొచ్చి ఆగిపోయింది. ఆ చప్పుడు విని తాళం పడిందనుకుని అక్క వంటగదిలోకి వెళ్ళింది. పొద్దుటి నుంచీ డాబా మెట్ల కింద మాటేసి కూర్చున్న బావ భుజంతో ఒక్క తోపు తోశాడు.

చెల్లెలు భోజనానికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. బావ అక్క జుట్టు పిడికిలికి చుట్టుకుని ఆమె తలను గోడకేసి కొడుతున్నాడు.

"నాకే తాళాలేస్తావా? ఆఁ? నాకే?"

మాటకో దెబ్బ. అక్క ఎడమచెయ్యి మోచేతి కింద వంగకూడని చోట వంగి వేలాడుతోంది. ఆమె అరవడం లేదు. ఆ మౌనం చూసి చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది.

ఎగిరి వాడి వీపు మీద పడి చెవి కొరికింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. వాడు గావుకేక పెట్టి ఆమెను విదిలించి పడేశాడు, కడుపులో ఒక్క తన్ను తన్నాడు. ఆమెకు ఊపిరాడలేదు. వాడు మళ్ళీ అక్క వైపు తిరిగి, ఈసారి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు.

చెల్లెలు పాక్కుంటూ వెళ్ళి చెక్క స్టూలు అందుకుంది. మొదటి దెబ్బ భుజాన పడింది, వాడు చలించలేదు. రెండోది నెత్తిన పడింది. వాడు కూలిపోయాడు. అక్కడితో ఆపొచ్చు. ఆమె ఆపలేదు. నేల మీద చాచి ఉన్న చేతి మీద ఒకటి, పక్కటెముకల మీద ఇంకొకటి వేసింది. నిజం చెప్పాలంటే ఆమెకు హాయిగా ఉంది.

టైలరు పరుగెత్తుకొచ్చి స్టూలు పట్టేసుకున్నాడు. "చాలమ్మా, చస్తాడు!"

"చావనీ!"

వాడు చావలేదు. పోలీసులు మోసుకుపోయారు. అక్కని అంబులెన్సులో ఆసుపత్రికి పంపి, చెల్లెలు పోలీసుకి ఇల్లు చూపించడానికి ఆగింది. "తలుపు పగల్లేదే, మరెలా వచ్చాడు?" అన్నాడు అతను. ఆమె తాళం మూత ఊడదీసింది. లోపల తన చార్జరులోని సెల్సే ఉన్నాయి.

దారి పొడవునా ఆ నాలుగు సెల్స్ గుప్పిట్లో బిగించి పట్టుకునే ఆసుపత్రికి చేరింది. కట్టుతో చెయ్యి, నుదుట ఏడు కుట్లు, వాచి మూసుకుపోయిన ఒక కన్ను. అక్క ఆమెను చూసి నవ్వబోయింది. చెల్లెలికి ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

"ఎవరు మార్చమన్నారు నిన్ను? ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"అది కూస్తుంటే... నీకు పని తగ్గుతుందని..."

"బుర్రుందా నీకసలు? చచ్చిపోయేదానివి! ఇవేంటో తెలుసా, ఇవి?"

ఆమె సెల్స్ ఉన్న గుప్పిట పైకెత్తి మంచం మీదికి వంగింది.

అక్క బాగున్న చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు ముడుచుకుపోయింది. "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యను, తప్పయిపోయింది" అని గబగబా, అలవాటైన మాటల్లా అనేసింది.

చెల్లెలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అక్కా, నేనే" అంది. "నేనక్కా, చూడు."

అక్క చెయ్యి దించలేదు.