అబ్రహాము బావ మొహం

పెళ్లి వీడియోలో చుట్టాలందరి మొహాలూ పడాలి. ఒక్కరిది తప్పినా అలకలే. పాలకొల్లులో పదేళ్లుగా స్టూడియో నడుపుతున్న రమేష్ బాబుకి ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. అందుకే కేబుల్ టీవీ వాళ్ల పోటీకి తీసిన పది నిమిషాల థ్రిల్లర్‌లో కూడా, హంతకుడి వేషం వేసిన అబ్రహాము బావ మొహాన్ని మొదటి షాట్‌లోనే లైటు వేసి మరీ చూపించేశాడు.

"ఇంక చూడ్డానికేముందండీ?" అంది అతని భార్య కృపారాణి, పప్పులో పోపు పెట్టేసి కంప్యూటర్ ముందుకొస్తూ. జీతంలేని ఎడిటర్ ఆమే.

"తీసేస్తే బావ అలుగుతాడు. అయినా సస్పెన్సు గురించి నీకేం తెలుసు?"

తెలియకపోవడమేంటి? పన్నెండేళ్లుగా ఆమె బతుకుతున్నదే అందులో. సాయంత్రం బండి స్టాండు వేసిన తీరు, మెట్ల మీద చెప్పుల చప్పుడు, గుమ్మం ముందు ఆగిన సేపు. వాటిని బట్టి ఆయన ఏ కోపంతో వస్తున్నాడో, ఇవాళ కంచం తోసేస్తాడో లేదో ఊహించుకుంటూ పొయ్యి దగ్గర బిగుసుకుపోయేది. లోపలికొచ్చి అరిచేశాక మిగిలేది అవమానమే. భయమంతా తలుపు తెరుచుకోకముందే. "మగాడన్నాక ఆమాత్రం ఉంటుందిలే" అనేది అత్తగారు. కృపారాణికి ఒళ్లు మండిపోయేది.

ఆ మంటతోనే కత్తిరింపు మొదలుపెట్టింది. బావ మొహాన్ని చివరి నిమిషానికి నెట్టేసింది. అంతకుముందంతా ఖాళీ మెట్లు, దగ్గరవుతున్న చెప్పుల చప్పుడు, వింటున్న కథానాయిక కళ్లు. ఆ చప్పుడు కోసం ఎవర్నీ బతిమాలలేదు. మర్నాడు సాయంత్రం టేప్‌రికార్డర్ కిటికీలో పెట్టుకుంది, అంతే. పని అయ్యాక, బాగా చేశానని ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది.

గడువు ముంచుకురావడంతో రమేష్ బాబు దాన్నే పోటీకి పంపేశాడు, ఫస్టు ప్రైజు వచ్చింది. కేబుల్ ఆఫీసు భీమరాజు ఫోన్ చేసి, ఆదివారం కొవ్వూరులో జరిగే బహుమతుల సభలో సస్పెన్సు ఎలా పండించారో స్టేజీ మీద చెప్పాలన్నాడు. రమేష్ బాబు రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఆ చప్పుడు ఐడియా ఎలా వచ్చిందో కాగితం మీద రాసిచ్చెయ్. నేను చదివేస్తాను," అన్నాడు.

కృపారాణి రిసీవరు అందుకుంది. "భీమరాజు గారూ, సినిమా కూర్చింది నేనండి. నా పేరు కృపారాణి. ఆదివారం నేనే వచ్చి చెప్తానండి."

ఫోన్ పెట్టేసింది. రమేష్ బాబు గుమ్మం దగ్గర విడిచిన తన చెప్పుల వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అవి నా చెప్పులేనా?" అన్నాడు.

"ఆదివారం రండి, అందరితో పాటు విందురుగాని," అంది కృపారాణి.