అమ్మ కాళ్లకు ఆకు నూనె

అమ్మ పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా మెలికలు తిరిగాయి. గురజాలలో డాక్టరుగారు డిసెంబరులో చూసి, "రెండు నెలలు చూద్దాం. వాపు తగ్గకపోతే ఆపరేషన్" అన్నారు. రెండు నెలలంటే సరిగ్గా మిరప కోతల మధ్య. తను కళ్లంలో లేకపోతే రంగు పోయిన తాలుకాయ ఎర్రకాయలో కలిసిపోతుందని అమ్మ భయం. ఆ ఏరివేత ఇంకెవరికీ వదలదు.

ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కనుక డాక్టరు చెప్పినవన్నీ నా మీద పడ్డాయి. పొద్దున మంచం దిగకముందే బిగుతు మేజోళ్లు తొడిగించాను. గంటల తరబడి నిలబడనివ్వకుండా మధ్యమధ్య నడిపించాను. పడుకుంటే కాళ్ల కింద రెండు దిళ్లు.

నాన్న తన వంతుగా సరస్వతి ఆకు వేసి నువ్వుల నూనె కాచాడు. ఫోనులో అడిగితే డాక్టరుగారు, "పుండ్లు లేవుగా, మెల్లగా రాసుకోండి. పిసకొద్దు" అన్నారు. మా వీధిలో మొగుడు పెళ్లాం కాళ్లు పట్టడం ఎవరూ చూసి ఎరగరు. అందుకే నాన్న సాయంత్రం తలుపేసి మరీ రాసేవాడు.

జనవరిలో మొదటి కోత కళ్లానికి చేరిన వారానికి అమ్మ కాళ్లు ఎర్రగా కందాయి.

"మండిపోతందయ్యా."

"మండితే పనిచేస్తన్నట్టే. ఓర్చుకో."

"నావల్ల కాదు. ఆ ఆపరేషనేదో చేయించండి."

కోత వదులుకుంటానని అమ్మ అనేసరికి నాకు భయమేసింది. ఆ నూనె నా చేతికి రాసుకున్నాను. ఏమీ మండలేదు.

"నాన్నా, పొద్దుట్నుంచి ఏం చేశావు?"

"ఏముంది, కళ్లంలో కాయ తిరగేశా."

"చేతులు కడిగావా?"

"అన్నానికి ముందు కడుగుతాగా."

అమ్మ లేచి కూర్చుంది. "అయితే వారం నుంచి నా కాళ్లకి కారం పెడతన్నావన్నమాట."

తలుపు తీసి నీళ్లకు పరుగెత్తాను. పక్కింటి షాహిదక్క గుమ్మంలోనే ఉంది. సంగతి విని, నూనె గిన్నెతో నిలబడ్డ నాన్నను చూసింది. "ఏంది బాబాయ్, ఉప్పు కూడా ఏస్తే పచ్చడయ్యేదిగా."

మర్నాటి నుంచి నాన్న మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడిగేవాడు. తలుపేయడం కూడా మానేశాడు. ఎటూ వీధంతా తెలిసిపోయింది.

ఫిబ్రవరిలో డాక్టరుగారు కాళ్లు నొక్కి చూశారు. "వాపు బాగా తగ్గింది. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. ఉబ్బిన నరాలు పూర్తిగా పోవు కాబట్టి నడక, మేజోళ్లు ఆపకండి. తగ్గించింది అవే. నూనెది పెద్దగా ఏమీ లేదు."

బస్టాండు దాకా అమ్మ నాకంటే ముందు నడిచింది. బస్సెక్కేముందు ఆగింది.

"ఆ చివరి మాట మీ నాన్నకి చెప్పమాక."

"ఎందుకమ్మా?"

"చెబితే మానేస్తాడు."