సందు మలుపులో కేక

జహీరుద్దీన్ నలభై ఏళ్లు గొంతు మీదే బతికాడు. టీవీఎస్ బండి మీద చీరల మూట కట్టుకుని, వర్ధన్నపేట నుంచి తొర్రూరు దాకా ఊరూరా కేకేసి అమ్మేవాడు. సాయంత్రం ఇంటికొస్తూ సందు మలుపులో ఆఖరి కేక మాత్రం భార్యకు: "బేగం, చాయ్ పెట్టు!" బండి ఆపేసరికి పొయ్యి మీద నీళ్లు మరుగుతుండేవి.

ఆ గొంతులోనే క్యాన్సర్ వచ్చింది. ప్రాణం దక్కాలంటే మాట పోతుందని డాక్టర్లు తేల్చి చెప్పారు. ఆపరేషన్‌కు ముందు కూతురు మెహ్జబీన్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి గంటసేపు ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఆమె శిల్పి. జబ్బుపడ్డ ఒంటిని బొమ్మగా చేసి, ఆ ఒంటి చప్పుళ్లను అందులోంచి వినిపించడం ఆమె పని. తండ్రేమో బిడ్డ తన మాట దాచిపెడుతోందనుకున్నాడు పాపం. దగ్గు తెరల మధ్య భార్యను మూడుసార్లు అదే కేకతో పిలిచాడు.

"నేను పిలువలేనప్పుడు ఇది మీ అమ్మీకి వినిపియ్యి బిడ్డా," అన్నాడు.

మెహ్జబీన్ సరేనంది. చెవిన పెడితే కదా! ఆయన మాత్రం ఇంట్లో భార్యకు కూడా ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయాడు.

ఆపరేషన్ అయ్యాక మెడకు రంధ్రం మిగిలింది. మెహ్జబీన్ ఆ మెడను ప్లాస్టర్‌తో అచ్చు పోసి, లోపల స్పీకరు బిగించింది. దగ్గూ, ఆయాసమూ ఉంచుకుంది. మాటలుంటే బొమ్మ తేలిపోతుందనిపించి ఒక్కొక్కటే ఏరి చెరిపేసింది. ఫోన్ నిండిపోయిందని అసలు రికార్డింగు కూడా తీసిపారేసింది. డాక్టర్లు ప్రాణం కోసం ఆ గొంతు తీశారు. మెహ్జబీన్ బొమ్మ కోసం తీసింది.

హనుమకొండలో ప్రదర్శన పెడితే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మెహ్జబీన్ కాళ్లు నేల మీద నిలవలేదు. మూడో రోజు తల్లిదండ్రులు వచ్చారు. కొత్త చీర కట్టుకున్న బేగం బీ సరాసరి బొమ్మ దగ్గరికెళ్లి, దాని మెడకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

పన్నెండు నిమిషాల దగ్గు ముగిసి, మళ్లీ మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది మెహ్జబీన్‌కు, తను సరేనన్న సంగతి. ఆ కేక ఇప్పుడు ఫోన్‌లో లేదు, ఆయన గొంతులోనూ లేదు. తండ్రి ఆమె ముఖంలోకి చూశాడు. అర్థమైపోయింది ఆయనకు. ఇక పోదామన్నట్టు వెళ్లి భార్య భుజం తట్టాడు.

బేగం బీ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఆగుండ్రి జర," అంది కళ్లు తెరవకుండానే. "ఇగ మీరు పిలుస్తరు."