మడతపెట్టిన వరుసలు

రేకులు కోసే మూడో నంబరు ప్రెస్సులో అక్క రెండు వేళ్లు తెగిపడ్డాయి. షెడ్డులో అందరికంటే పాత మనిషి, అందరికీ అక్కే. మేనేజరు పరుగున వచ్చి అడిగిన మొదటి మాట, "మెషిను ఎంతసేపు ఆగింది?" అని. నెత్తురు తుడిపించి, పావుగంటలో ఆ స్టూలు మీద ఇంకొకామెను కూర్చోమన్నాడు.

ఆమె కూర్చోలేదు. చేతులు లోపలికి పోకుండా గార్డు బిగించేదాకా ఆ ప్రెస్సును ముట్టుకునేది లేదని మేమంతా పని ఆపేశాం.

మూడో రోజు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మేనేజరు అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి, కంప్యూటర్లోని ప్రమాదాల షీటును ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూపించాడు.

"చూడండి సార్. ప్రెస్సు విభాగం, చిన్న గాయాలు. ఒక్క లైను. వీళ్లు గోరంతలు కొండంతలు చేస్తున్నారు."

ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. మెషినులో లోపం లేదని ఆ సంతకం పడితే తెల్లారి మెషిను తిరుగుతుంది, ఇంకొకరి చెయ్యి పోతుంది.

ఆ షీటు ఎక్కించే అమ్మాయి మా వెనకే కూర్చుంది. రెండేళ్లుగా గాయానికో వరుస చొప్పున రాసింది ఆమే. ముందురోజు మేనేజరు, "ఆ చెత్త తీసెయ్, ఒక్క లైనే కనబడాలి" అన్నాడు. ఆమె వరుసలన్నీ ఒక గ్రూపు చేసి ఆ ఒక్క లైను కింద మడతపెట్టింది కానీ చెరపలేదు. కనబడకపోతే పోయాయనుకున్నాడు ఆ మహానుభావుడు. జన్మలో ఒక్క వరుస ఎక్కించిన పాపాన పోలేదు మరి.

అమ్మాయి లేచింది. "సార్, ఎడమ అంచున ప్లస్ గుర్తుంది. నొక్కండి."

"నువ్వు కూర్చో" అన్నాడు మేనేజరు.

"నొక్కితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు వెల్డరు బాబాయి.

"అక్కడేం లేదయ్యా. కావాలంటే చూసుకో" అని మేనేజరు తనే నొక్కాడు.

గోడ నిండిపోయింది. పద్దెనిమిది వరుసలు. మూడో ప్రెస్సు, చూపుడువేలు. మూడో ప్రెస్సు, అరచెయ్యి. మూడో ప్రెస్సు, బొటనవేలు. మూసెయ్యడం చేతకాక మేనేజరు దొరికిన మీటనల్లా నొక్కుతున్నాడు. ఆ తెలివికే వాడికి ఏసీ గది.

"నాలుగోది నాది" అని ఒకామె చెయ్యెత్తింది.

"తొమ్మిదోది నాది."

"పదకొండు."

ఇన్‌స్పెక్టరు పైవాళ్లతో మాట్లాడాలని గొణిగి, పెన్ను జేబులో పెట్టుకుని జారుకున్నాడు. అలాంటివాళ్ల దగ్గర న్యాయం అడగడం మాదే బుద్ధి తక్కువ.

మర్నాడు పొద్దున అమ్మాయిని గేటు దగ్గర ఆపేశారు. ఆమెతోపాటు నూట ముప్పైమందిమి బయటే ఆగిపోయాం.

"దానికి ఉద్యోగం లేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లోపలికి రండి" అన్నాడు మేనేజరు.

అక్క కట్టు కట్టిన చేత్తో ముందుకొచ్చింది. "వస్తే అందరం వస్తాం, ఆ పిల్లతో సహా. ఆ మెషిను మంచిదే అంటున్నావుగా. ముందు నువ్వు కూర్చుని చెయ్యి పెట్టు. చూసి మేమూ పెడతాం."

మేనేజరు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

మేం గేటుకు అడ్డంగా కూర్చున్నాం.