ఏడో నంబరు పొర

"ఏ గయ్యాళి నోట్లోదే తల్లీ ఇది? దేనికీ లొంగదు!" ల్యాబులో ఏడో నంబరు ప్లేటును వెలుతురుకెత్తి చూస్తూ అంది సీనియర్ అక్క.

ప్లేటు గుంటల అడుగున తెల్లటి పొర. పళ్ళ సెట్టు కింద, అంగిలి మీద పేరుకునే ఈస్టు పొర అది. మామూలు మందులు పైపైన తడిపి పోతాయి. లవంగ నూనెలోంచి వేరుచేసిన మందుతో దాన్ని ఊడగొట్టొచ్చా అన్నదే వాళ్ళ పరీక్ష. మిగతా రోగుల నోళ్ళలోంచి తీసినవన్నీ ఊడాయి. ఇదొక్కటే భీష్మించుకుని కూర్చుంది.

"మా అమ్మదక్కా."

ల్యాబులో మూగనోము అని పేరున్న పిల్ల అన్న మాట అది. అక్క నవ్వు సగంలో ఆగిపోయింది. వాళ్ళమ్మ పోయి ఎన్నాళ్ళో కాలేదు.

నమూనా కోసం పిల్ల దూదిపుల్లతో అంగిలి తుడిచిన రోజు అమ్మ నవ్వింది. "నా నోరు మూయించాలని మీ నాన్న చూశాడు, మీ మేనత్తలు చూశారు. ఇక నీ లవంగాల వల్లే అవుతుందా?" తర్వాత ఆ నోరే మండి, చల్లటి పాలు తాగినా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "దీన్ని ఎలాగైనా చంపవే," అనేది. ప్రాణం తీసింది కిడ్నీల జబ్బే గానీ, నోరు చివరిదాకా మండుతూనే ఉంది.

ఆ సాయంత్రం పిల్ల మోతాదు పెంచి వేసింది. మర్నాటికి పొర పెచ్చులుగా తేలింది. మందు వేయని వరసలో మాత్రం తెల్లగా, మందంగా, అలాగే ఉంది.

"సాధించావే మూగనోమూ!" అక్క వీపు చరిచింది. పిల్లకి సంతోషం రాలేదు. ఏడుపూ రాలేదు.

పరీక్ష అయ్యాక నమూనాలన్నీ ఆవిరి యంత్రంలో వేసి చంపేస్తామని రోగులకిచ్చిన మాట. అమ్మ నమూనాలో కొంత ఫ్రీజర్లో దాచిన గొట్టం కూడా అందులోకే పోవాలి. ప్లేట్లు పోయాక, అమ్మ ఒంట్లోంచి వచ్చి ఇంకా బతికుండేది అదొక్కటే.

"అదొక్కటీ ఉంచుకోవే," అక్క గొంతు తగ్గించింది. "నేను చూళ్ళేదనుకుంటాలే."

పిల్ల గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. వేళ్ళకి చలి తెలియలేదు.

"ఉంచితే అమ్మ ఊరుకోదక్కా. తిడుతుంది."

గొట్టం ట్రేలో పెట్టి, యంత్రం మూత బిగించి, మీట నొక్కింది.

ఆవిరి బుస్సుమంది. అక్క టీ తెచ్చి చేతిలో పెట్టింది. వేడిగా ఉందో చల్లారిందో తెలియకుండానే తాగేసి, గ్లాసు కడగడానికి లేచింది.